‘రెండోసారి’ అన్న లెక్క ఎవరు రాస్తారు?

‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అంటుంది ఒక సామెత. ‘దొంగకు దొంగబుద్ధి, దొరకు దొరబుద్ధి’ అంటుంది మరొకటి. సామెతలను ప్రజల అనుభవసారమని మెచ్చుకుంటాం గానీ, వాటిలో కొన్ని కులవ్యవస్థ తనకు అనుకూలంగా రాసుకున్న తీర్పులని ఒప్పుకోవడానికి తటపటాయిస్తాం. చట్టం సామెతలా మాట్లాడకూడదు. అది చేసిన పనిని విచారించాలి, పుట్టుకను విచారించకూడదు. అయితే ఒక పేద మనిషి మీద చిన్న దొంగతనం ఆరోపణ రెండోసారి వచ్చిన మరుక్షణం చట్టమూ సామెతా ఒకే గొంతుతో మాట్లాడటం మొదలుపెడతాయి. నా అభ్యంతరం అక్కడే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. నగరిలో ఒక ఎరుకల స్త్రీ. బుట్టలు అల్లితే పూట గడవదు గనుక మరమగ్గాల దగ్గర దినకూలీకి పోతుంది. రెండేళ్ల క్రితం ఒక బట్టల అంగట్లో చీర దాచుకుందని కేసు అయింది. నేరం ఒప్పుకుంది. మేజిస్ట్రేటు జైలుకు పంపకుండా, సత్ప్రవర్తనతో ఉంటానన్న బాండు రాయించుకుని ప్రొబేషన్ మీద విడిచిపెట్టారు. ఆ గడువు ముగియకముందే మరో అంగట్లో పిల్లల బట్టలు పోయాయి. అంగడి వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆమె పాత ఫొటో తిరుగుతూనే ఉంది. ఆ రోజు ఆమె అటువైపు వెళ్లిన దృశ్యం కెమెరాలో కనిపించింది. ఇక సాక్ష్యం దేనికి? ‘పాత నేరస్తురాలు’ అన్న రెండు మాటలు చాలు. ఇప్పుడు ఆమె ముందున్న చట్టం ఏమిటో చూద్దాం.

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌లో దొంగతనానికి కొత్త ఏర్పాటు ఒకటుంది. వస్తువు విలువ అయిదు వేల రూపాయల లోపు ఉండి, నేర నిర్ధారణ మొదటిసారి అయి, వస్తువునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజసేవ మాత్రమే. ఇది మెచ్చుకోదగిన మార్పు. కానీ అదే సెక్షన్‌లో దానికి ముందున్న వాక్యం మరో మాట చెబుతుంది. ఆ సెక్షన్ కింద రెండోసారి నేర నిర్ధారణ అయితే ఏడాదికి తగ్గకుండా, అయిదేళ్ల దాకా కఠిన కారాగారం, దానికి తోడు జరిమానా. వెయ్యి రూపాయల బట్టలకైనా సరే, న్యాయమూర్తికి దయ చూపే చోటును ఆ ‘తగ్గకుండా’ అన్న మాట ఇరుకు చేసేసింది. ఇది చాలదన్నట్టు, పాత శిక్షాస్మృతిలోని 75వ సెక్షన్ కొత్త సంహితలో 13వ సెక్షన్‌గా కొనసాగుతోంది. మూడేళ్లు, అంతకు మించి శిక్ష పడదగిన ఆస్తి నేరాల్లో రెండోసారి దోషిగా తేలితే పదేళ్ల దాకా, చివరికి యావజ్జీవం దాకా శిక్ష వేసే అధికారాన్ని అది కోర్టుకు ఇస్తుంది. చట్టపుస్తకం ప్రకారం దొంగతనమూ ఆ పరిధిలోకే వస్తుంది.

విద్యార్థులు గమనించవలసిన చిన్న మెలిక ఇంకొకటుంది. అంగట్లో జరిగిన దొంగతనాన్ని 303 కింద నమోదు చేయవచ్చు. వస్తువులు భద్రపరిచే కట్టడంలో జరిగింది గనుక 305 కింద కూడా నమోదు చేయవచ్చు. 303 కింద అయిదు వేల లోపు కేసయితే పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయకూడదు, బెయిలు హక్కుగా వస్తుంది, వస్తువు యజమాని రాజీ పడవచ్చు. 305 కిందకు వెళ్లిందంటే ఈ వెసులుబాట్లేవీ ఉండవు, సమాజసేవ అన్న మాట ఉండదు, శిక్ష ఏడేళ్ల దాకా ఉండవచ్చు. వస్తువు అదే, అంగడి అదే, మనిషి అదే. ఆ మనిషి ఏ తలుపులోంచి న్యాయవ్యవస్థలోకి అడుగుపెట్టాలో తేలేది మాత్రం స్టేషన్‌లో ఫిర్యాదు రాసే బల్ల దగ్గర. ఆ బల్ల ముందు నిలబడిన మనిషి ఇంటిపేరు, వాడకట్టు, మాట తీరు, వెంట వచ్చిన పెద్దమనిషి ఎవరన్నవి ఆ రాతను ప్రభావితం చేయవని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలవాళ్లు ఎంతమంది?

ఇక ‘మొదటిసారి’ సంగతి. చిన్న కేసుల్లో పేదలకు అందే న్యాయసలహా తరచుగా ఒక్కటే: ‘ఒప్పుకో, ఈరోజే తేలిపోతుంది.’ వాయిదాకు వస్తే ఆ రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అదనం. అందుకే చేసినవాళ్లూ ఒప్పుకుంటారు, చేయనివాళ్లూ ఒప్పుకుంటారు. అప్పుడు ఆ ఒప్పుకోలు గండం గట్టెక్కించినట్టే కనిపిస్తుంది. 1958 నాటి నేరస్తుల ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రొబేషన్ మీద విడుదలైన వ్యక్తికి నేర నిర్ధారణ వల్ల వచ్చే అనర్హతలు వర్తించవు. అయితే నేర నిర్ధారణ మాత్రం చెరిగిపోదని సుప్రీంకోర్టు 1990లో బక్షీరామ్ కేసులో తేల్చి చెప్పింది. అంటే ఆనాడు కూలి పోకూడదని చేసిన సంతకం రెండో ఆరోపణ రోజున మొదటి మెట్టుగా మారుతుంది. హెచ్చరించి విడిచిపెట్టే 3వ సెక్షన్ అవకాశమూ మూసుకుపోతుంది, ఎందుకంటే పూర్వపు ప్రొబేషన్ ఉత్తర్వును కూడా ఆ సెక్షన్ పూర్వ నేర నిర్ధారణగానే లెక్కిస్తుంది.

అందుకే నేనంటాను: ‘రెండోసారి’ అన్నది చేసిన దొంగతనాల లెక్క కాదు, దొరికిన, నమోదైన, ఒప్పించిన దొంగతనాల లెక్క. ఆ లెక్కలోకి ఎవరు ఎక్కుతారో, ఎవరు జారిపోతారో నిర్ణయించే శక్తుల్లో కులం ప్రధానమైనది.

నేను నగరిలో నేత కుటుంబంలో పుట్టాను. మా వీధి పిల్లలు అంగట్లో చేతివాటం చూపిస్తే అంగడాయన చెవి మెలిపెట్టి, సాయంత్రం ఇంటికొచ్చి నాయనకు చెప్పేవాడు. కథ అక్కడితో ముగిసేది. అదే పని ఎరుకల వాడ పిల్లవాడు చేస్తే అది పిల్లచేష్ట అయ్యేది కాదు, ‘జాతి బుద్ధి’ అయ్యేది. వీధిలో మొదలైన ఆ తేడా విద్యాలయాల దాకా వస్తుంది. హాస్టల్‌లో సెల్‌ఫోన్ పోతే మొదట ఎవరి పెట్టె తెరిపిస్తారో తమకు ముందే తెలుసని విముక్త జాతుల విద్యార్థులు నాతో చాలాసార్లు అన్నారు. వాళ్లలో ఒకరు, ఎవరి వస్తువు పోయినా తానే ముందు వెళ్లి తన పెట్టె తెరిచి చూపించే అలవాటు చేసుకున్నానని చెప్పాడు. నేరం చేయని పిల్లవాడు రోజూ నిర్దోషిత్వాన్ని రుజువు చేసుకుంటూ బతకడాన్ని ఏ చట్టం శిక్షగా లెక్కిస్తుంది?

మరోవైపు చూడండి. ఖరీదైన మాల్‌లో సంపన్న కుటుంబపు స్త్రీ దొరికితే బిల్లు కట్టించుకుని గౌరవంగా పంపించేస్తారు. మళ్లీ దొరికితే అది క్లెప్టోమేనియా, వైద్యం కావలసిన జబ్బు. పేదరాలు దొరికితే మన పత్రికలకే ‘కిలాడీ లేడీ’ శీర్షిక సిద్ధం. మనం తేలిగ్గా వాడే ‘కేడీ’ అన్న తిట్టు కూడా పోలీసు రికార్డుల్లోని ‘నోన్ డిప్రెడేటర్’ అనే మాటకు పొడి అక్షరాలు. స్టేషన్ పుస్తకం మన భాషలోకి అంతగా ఇంకిపోయింది. 2022 చివరి నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. ఖైదీల్లో సుమారు మూడింట రెండు వంతులు దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాల వారు. ఈ అంకెలు ఆ కులాల స్వభావాన్ని చెబుతున్నాయనేవాడు సామెతను నమ్ముతున్నాడు. వ్యవస్థ స్వభావాన్ని చెబుతున్నాయనేవాడు చరిత్రను చదివాడు.

ఆ చరిత్ర మన ప్రాంతానికి కొత్తది కాదు. కోస్తా ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద లోపలి సీమకు చేర్చి, అక్కడి ధాన్యాన్ని తిరిగి తెచ్చిన సంచార వర్తకులు ఎరుకలవారు, కొరవలు. వలస ప్రభుత్వపు ఉప్పు విధానమూ, 1856లో మద్రాసు నుంచి మొదలై విస్తరించిన రైలు మార్గాలూ ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. అడవి చట్టాలు వెదురుకూ మేతకూ అడ్డుగోడలు కట్టాయి. బతుకు తెరువు పోగొట్టిన రాజ్యమే వాళ్లను పుట్టు దొంగలన్నది. 1871లో ఉత్తరాదిన వచ్చిన నేరస్త జాతుల చట్టం 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఒక తెగను నేరస్త జాతిగా ప్రకటించాక ఆ ప్రకటనను ఏ కోర్టూ ప్రశ్నించడానికి వీల్లేదు. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న స్టూవర్టుపురం ఆ చట్టం కింద సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటుగా పుట్టిన ఊరే.

ఆ 1911 చట్టంలోని 23వ సెక్షన్‌ను నేటి చర్చలో తప్పక గుర్తు చేసుకోవాలి. షెడ్యూలులో పేర్కొన్న నేరాల్లో నేరస్త జాతికి చెందిన వ్యక్తికి రెండోసారి శిక్ష పడితే, ప్రత్యేక కారణాలు లేనంతవరకు ఏడేళ్లకు తగ్గని కారాగారం. మూడోసారి అయితే యావజ్జీవ ప్రవాసం. ‘రెండోసారి’ అన్న మాటకు ‘తగ్గకుండా’ అన్న మాటను జతచేసే పద్ధతికి మన నేలమీద ఉన్న పూర్వరూపం ఇది. నేటి సంహితలో కులం పేరు లేదు, నిజమే. కానీ కులం నడిపే పుస్తకాల్లోంచి వచ్చే లెక్కను కళ్లు మూసుకుని స్వీకరించే చట్టానికి కులం పేరు రాసుకోవలసిన అవసరం ఏముంది?

ఈ చట్టాన్ని పరిశీలించడానికి 1949లో వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తర్వాత ఆయన లోక్‌సభ స్పీకరయ్యారు. పుట్టుకను బట్టి నేరస్తులని ముద్ర వేయడం తగదని, చట్టాన్ని రద్దు చేయాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. మద్రాసు రాష్ట్రం అప్పటికే 1947లో రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అయితే కులంతో నిమిత్తం లేకుండా అలవాటు నేరస్తులందరికీ వర్తించే చట్టం ఉండాలని కూడా ఆ కమిటీయే చెప్పింది. ఆ రెండో సిఫారసు తలుపులోంచి పాత అనుమానం కొత్త పేరుతో తిరిగి వచ్చింది. మద్రాసులో 1948లోనే అలాంటి చట్టం ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చింది. జాతి పోయి వ్యక్తి వచ్చాడు, రిజిస్టరు మాత్రం అలాగే ఉంది. అంబేడ్కర్ 1948లో ‘అంటరానివారు’ గ్రంథానికి రాసిన ముందుమాటలో నేరస్త జాతులను, ఆదివాసులను, అంటరానివారిని కలిపి హిందూ నాగరికత సృష్టిగా చూపారు. మూడు సమూహాలనూ ఒకే వరుసలో నిలబెట్టిన ఆ చూపు మన ఉద్యమాల్లో ఇంకా పూర్తిగా ఇంకలేదు.

నగరి రాష్ట్రానికి అంచున ఉన్న పట్టణం. ఇటు పుత్తూరు, అటు తిరుత్తణి. ఎరుకలవారు ఆంధ్రలో షెడ్యూల్డ్ తెగ. సరిహద్దు దాటితే వారి సోదర సమూహాలైన కురవర్లు కొందరు షెడ్యూల్డ్ కులం, మరికొందరు విముక్త సమూహాల జాబితా. ధ్రువపత్రం మారుతుంది గానీ అనుమానం మారదు. 1993లో కడలూరు జిల్లాలో దొంగతనం ఆరోపణ మీద పట్టుకుపోయిన రాజాకన్ను పోలీసు కస్టడీలో చనిపోయాడు. ‘జై భీమ్’ సినిమాకు ఆధారమైన ఆ కేసులో మృతుడు కురవ కులస్తుడు. 2023 జూన్‌లో కృష్ణగిరి జిల్లాకు చెందిన కురవ కుటుంబాలను చోరీ కేసుల విచారణ పేరుతో చిత్తూరు పోలీసులు తీసుకువెళ్లి హింసించారన్న ఆరోపణలు పత్రికల్లో వచ్చాయి. ముప్పయ్యేళ్ల ఎడం ఉన్న ఈ రెండు సందర్భాల్లోనూ మొదలు ఒక్కటే: వస్తువు పోయింది, కులం గుర్తొచ్చింది.

2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని విభజించే నిబంధనలను కొట్టివేస్తూ ఈ చరిత్రనంతా తవ్వి తీసింది. విముక్త జాతుల వారిని పుట్టుకతో అలవాటు నేరస్తులుగా చూసే జైలు నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమన్నది. అలవాటు నేరస్తుల చట్టాల అవసరంపై ప్రభుత్వాలు ఆలోచించాలని సూచించింది. అంతకు ముందు అదే ఏడాది మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో, అణగారిన సమూహాల వారి పేర్లను హిస్టరీ షీట్లలోకి యాంత్రికంగా ఎక్కించే ధోరణిని తప్పుపట్టింది. ఈ రెండు తీర్పులను కలిపి చదివితే, ‘రెండోసారి’ అన్న లెక్కను విచారణ లేకుండా నమ్మవద్దన్న హెచ్చరిక కనిపిస్తుంది.

లెక్కను గుడ్డిగా నమ్మితే ఎక్కడికి చేరతామో అమెరికా చూపించింది. 1995లో కాలిఫోర్నియాలో లియాండ్రో ఆండ్రేడ్ రెండు దుకాణాల్లో తొమ్మిది వీడియో క్యాసెట్లు దొంగిలించాడు. మొత్తం విలువ సుమారు 150 డాలర్లు. పాత శిక్షలున్నందువల్ల ‘మూడు తప్పుల’ చట్టం కింద అతనికి కనీసం 50 ఏళ్ల జైలు పడింది. 2003లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో దాన్ని సమర్థించింది. 2012లో కాలిఫోర్నియా ప్రజలే ఓటు వేసి ఆ చట్టాన్ని సడలించుకున్నారు. ఇటలీ అత్యున్నత న్యాయస్థానం 2016లో మరో దారి చూపింది. నాలుగు యూరోల విలువైన జున్ను, మాంసం తీసుకున్న నిరాశ్రయుడు తక్షణ ఆకలి తీర్చుకోవడానికి చేసిన పని నేరం కాదన్నది.

మరో సంగతి. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో చదువు కోసం వెళ్లిన ఇద్దరు తెలుగు యువతులను ఒక సూపర్‌మార్కెట్‌లో బిల్లు కట్టకుండా వస్తువులు తీసుకున్నారన్న ఆరోపణపై అరెస్టు చేశారు. ఆ వార్త ఇక్కడ చర్చ అయినప్పుడు అందరి ఆందోళనా వారి చదువు, వీసా, తల్లిదండ్రుల పరువు గురించే. అది సహజం, సరైనదే. తెలియక చేసి ఉంటారని, ఒక్క తప్పుతో జీవితం పాడు కాకూడదని చాలామంది అన్నారు. ఆ సానుభూతిని నేను తప్పుపట్టడం లేదు. అదే సానుభూతి నగరి బజారులో ఎరుకల స్త్రీ దొరికినప్పుడు ఎక్కడికి పోతుందని మాత్రమే అడుగుతున్నాను.

నష్టపోయిన అంగడి యజమాని మాటేమిటని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. మా ఊళ్లో చాలా అంగళ్లు అప్పుతో నడిచేవే. పోయిన ప్రతి చీరా ఆ కుటుంబపు వడ్డీ లెక్కలో కనిపిస్తుంది. అయితే ఆయనకు కావలసింది ఏమిటి? తన వస్తువు, లేదా దాని డబ్బు, మళ్లీ జరగదన్న భరోసా. ఏడాది కఠిన కారాగారం ఈ మూడింటిలో ఏదీ ఇవ్వదు. జైలుకు పోయిన తల్లి తిరిగి వచ్చేసరికి మగ్గం పని పోతుంది, పిల్లల చదువు ఆగుతుంది, అప్పు పెరుగుతుంది. మూడోసారికి మనమే బాట వేసినవాళ్లమవుతాం.

ప్రొబేషన్ అంటే కాగితం మీద బాండు కాదు. చట్టం 14వ సెక్షన్ ప్రొబేషన్ అధికారికి అప్పగించిన బాధ్యతల్లో, అవసరమైనచోట తగిన ఉపాధి వెతకడానికి ప్రయత్నించడం కూడా ఉంది. బాండు షరతు మొదటిసారి తప్పితే బాండును కొనసాగిస్తూనే యాభై రూపాయలకు మించని జరిమానాతో సరిపెట్టే వీలు 9వ సెక్షన్ కల్పించింది. మనిషి ఒక్కసారిగా మారడని, తడబడతాడని 1958లో ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు. ఆ వివేకాన్ని నేటి సంహిత మరిచింది. అందుకే రెండో కేసులో కోర్టు ముందుగా అడగవలసిన ప్రశ్న నిందితురాలికి కాదు, రాజ్యానికి: ఈ రెండేళ్లలో ప్రొబేషన్ అధికారి ఆమెను ఎన్నిసార్లు కలిశారు? ఏ పని చూపించారు? ఏమీ చేయకుండా బాండు తప్పిందనడం, విత్తనం వేయకుండా పంట రాలేదని భూమిని తిట్టడం వంటిది.

మార్పు సాధ్యమేనని చూపిన అనుభవం మన దగ్గరే ఉంది. మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, భర్త లవణంతో కలిసి 1970లలో స్టూవర్టుపురం వెళ్లి, ఆ ఊరి మనుషులను మనుషులుగా నమ్మి, వారి పునరావాసం కోసం పనిచేశారు. కులం ముద్ర బాధ ఎరిగిన ఇంటి నుంచి వచ్చిన స్త్రీ మరో ముద్ర పడ్డ ఊరికి వెళ్లడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం.

కోరుతున్నవి పెద్ద విప్లవాలేమీ కావు. అయిదు వేల లోపు అంగడి దొంగతనాలను 303 కిందే నమోదు చేయాలని పోలీసులకు స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలి. ఆ సెక్షన్‌లో రెండోసారికి పెట్టిన కనీస శిక్షను తొలగించాలి. కనీస శిక్ష ఉన్నంత మాత్రాన ప్రొబేషన్ మూసుకుపోదని పాత శిక్షాస్మృతి సందర్భంలో 2021లో లఖ్వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చూపిన ఉదారత కొత్త సంహితకూ వర్తించాలి. 1962 నాటి అలవాటు నేరస్తుల చట్టాన్ని రాష్ట్రం రద్దు చేయాలి. న్యాయసేవాధికార సంస్థలు నేరం ఒప్పుకోమనే ముందు, ఆ ఒప్పుకోలు రేపు ఏమవుతుందో నిందితులకు వారి భాషలో చెప్పాలి. పత్రికలు ఆరోపణ వార్తలో కులం పేరును, ‘కిలాడీ’ వంటి మాటలను మానాలి.

రెండో ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషి మొదటి కేసులో ఎలా ఉన్నారో ఇప్పుడూ అలాగే ఉన్నారు: నేరం రుజువయ్యేదాకా నిర్దోషి. రాజ్యాంగం ఆ హక్కును మొదటిసారికే పరిమితం చేయలేదు. చట్టం చదివే విద్యార్థులు, రాజకీయాలు నడిపే మిత్రులు ఆ ఒక్క మాటను నగరి కోర్టు గుమ్మం దాకా మోసుకువెళితే, ఎరుకల వాడలో ఒక పిల్లవాడు ఎవరూ అడగకుండానే తన పెట్టె తెరిచి చూపించే అలవాటును మానుకోగలుగుతాడు.